గోడకు శిక్ష, బాడుగకు రక్ష



ఒకే వస్తువునకు మన తెలుగువారు మూడు పేర్లు పెట్టుకొన్నారు. కోస్తా జిల్లాలలో అది అద్దె, రాయలసీమలో బాడుగ, తెలంగాణములో కిరాయి. పేరు ఏదైనను, నెల మొదటి వారములో చేయి మారు ఆ సొమ్ముతోపాటు ఒక నమ్మకము కూడ చేయి మారుచుండును. ఇచ్చువాడు, ఈ నెలంతయు ఈ కప్పు క్రిందనుండి నన్నెవరును కదల్పరని నమ్మును. పుచ్చుకొనువాడు ఆ నమ్మకమునకు తాను పూచీపడినట్లే లెక్క. సొమ్మును పెట్టెలో దాచుకొని పూచీని మాత్రము గాలికి వదలివేసిన యజమానికి, అనగా తనది కాని నేలమీదనో, అనుమతి లేని కట్టడములోనో పరులను కాపురముంచి నెలనెలా వసూలు చేసికొన్నవానికి, శాసనము ఏమి శిక్ష విధించుచున్నది, ఆ శిక్ష నిజముగా ఎవరికి తగులుచున్నది అను విషయమును ఈ పూట మీతో ముచ్చటింపదలచినాను.

హైదరాబాదులో ఒక చెరువు ఉన్నది. దాని పేరు చెప్పను. చెప్పకున్నను ఇరువది చెరువుల వారు ఇది మాదే కాబోలునని అనుకొందురు. వేసవిలో నీరు వెనుకకు తగ్గినపుడు బయటపడు నేలమీద, ఏటికి నాలుగైదు లారీల మట్టి చొప్పున ఎత్తు పెరుగుచు, అక్కడ ఒక గల్లీ వెలసినది. ఆ గల్లీలో, మా వీథికి కూరగాయల బండి తెచ్చు దంపతులు రెండు గదుల వాటాలో మూడేండ్లు కాపురమున్నారు. నెలకు 7,000 రూపాయల కిరాయి. చేరిన నాడు రెండు నెలల అడ్వాన్సు. ఆ ఇల్లాలు చదువుకొన్నది తక్కువయే గాని లెక్క తప్పనిది. బడిపిల్లలు కాపీ వ్రాయు వరుసల నోటుపుస్తకము ఒకటి పెట్టి, ప్రతి నెలయు తేదీ, మొత్తము వ్రాయించి, ఇల్లుగలాయనచేత దాని ప్రక్కన ఒక పొట్టి సంతకము చేయించెడిది. అట్టి సంతకములు ముప్పదియారు కూడినవి.

ఒకనాటి ఉదయము గోడకు ఎర్రరంగుతో ఒక అంకె పడినది. ఆ తరువాత కొన్నాళ్లకు జేసీబీ వచ్చినది. గ్యాసుపొయ్యి, సిలిండరు, మూడు బిందెలు, ఒక కూలరు, పిల్లల పుస్తకముల సంచులు, దేవుని పటములు, ఇవన్నియు ట్రాలీ ఆటో ఎక్కినవి. నోటీసు వచ్చిన సంగతి యజమానికి ముందుగనే తెలియునట. తెలిసియు ఆ నెల కిరాయి వసూలు చేసికొనియే పోయినాడట. ఆమె నాతో అన్న మాట ఒక్కటి చెప్పెదను: “కిరాయి తీస్కునేటప్పుడు ఇల్లు నాదే అన్నడు సార్, కూలగొట్టేటప్పుడు జాగ సర్కారుది అంటున్నడు.”

ధర్మశాస్త్రములు, శాసనగ్రంథములు ముందు వేసికొని గంటలకొలది వాదించినను తేలని సమస్యను ఆమె ఒక్క వాక్యములో తేల్చివేసినది. ఆనాడు కూలినది గోడ. వీథిని పడినది సంసారము. ఆ గోడను పెట్టుబడిగా పెట్టి ఎప్పుడో దాని ఖర్చు రాబట్టుకొన్న పెద్దమనిషి మాత్రము వేరొక పేటలో, సర్వహక్కులు కల సొంత ఇంటిలో, ఫ్యాను క్రింద కూర్చుండి ఉన్నాడు.

అక్రమ గృహము అనగానే మనకు ఒక్కటే బొమ్మ కనబడును గాని, వాస్తవమునకు అవి మూడు విధములు. మొదటిది నేలయే పరులదైనది: చెరువు శిఖము, ప్రభుత్వపు పోరంబోకు, దేవాలయపు మాన్యము, వక్ఫు భూమి, లేక ఎవరో ఊరిలో లేనివారి ఖాళీ స్థలము. రెండవది నేల తనదే గాని కట్టడము తనకిచ్చిన అనుమతిని దాటినది: మూడంతస్తులకు కాగితము తెచ్చి అయిదంతస్తులు లేపుట, వాహనములకని చూపిన సెల్లారులో గదులు కట్టుట, మేడమీద రేకులు దించి దానికి పెంట్‌హౌసను ఘనమైన పేరు పెట్టుట. మూడవది అనుమతి ప్రకారము కట్టినదే కావచ్చును గాని, నివాసయోగ్యమని పురపాలక సంఘము వ్రాసి ఇయ్యవలసిన పత్రము, అనగా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, తీసికొనకుండగనే మనుష్యులను నింపినది. మూడింటి దోషము ఒక్క తూకమునకు రాదు. మొదటిది దొంగతనమునకు దగ్గర, రెండవది దురాశ, మూడవది పెక్కు సందర్భములలో అలసత్వము. అయితే మూడింటికిని సమానమైన గుణమొకటి కలదు: ఇల్లు వెదకుకొనుచు వచ్చినవాని కంటికి వీనిలో ఏదియు కనబడదు. ‘టు-లెట్’ బోర్డు చూచి మెట్లెక్కినవాడు మంజీర నీళ్లు ఏ వేళకు వచ్చును, కరెంటు మీటరు వేరుగా ఉన్నదా, తలుపు ఏ దిక్కునకు ఉన్నది, మాంసము వండుకొనవచ్చునా అని అడుగును గాని, అయ్యా, ఈ నేల ఎవరిది అని అడుగడు. అడిగిన యెడల ఇల్లు దొరకదు.

మన శాసనములో ఈ పాపమునకు పేరే లేదనుకొనుట పొరపాటు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1982లో భూ ఆక్రమణ నిషేధ చట్టమును చేసినది. దానిలో భూ ఆక్రమణ అను మాటకిచ్చిన నిర్వచనము చదివినవారికి, దానిని వ్రాసినవారు నగరపు గల్లీలలో తిరిగి వ్రాసిరా యని తోచును. పరుల భూమిని చేజిక్కించుకొనుట మాత్రమే గాక, ఆ భూమిమీద చెల్లని కౌలు ఒప్పందములు సృష్టించుట, అనుమతి లేని కట్టడములను అమ్మకము కొరకు గాని బాడుగ కొరకు గాని కట్టుట, అట్టి కట్టడములలో నివసించుటకై భూమిని ఇతరులకు అద్దెకిచ్చుట, ఇవన్నియు ఆ ఒక్క నిర్వచనములో ఇమిడియున్నవి. అట్టి భూములలో ఉన్నవారిని బెదిరించి బాడుగ గుంజువాడు, గుంజ యత్నించువాడు, ఆక్రమణకు పెట్టుబడి పెట్టి వెనుక నిలుచువాడు, వీరందరును ఆక్రమణదారులే యని ఆ చట్టము స్పష్టముగా చెప్పినది. శిక్ష ఆరు నెలలకు తక్కువ కాకుండ అయిదేండ్ల వరకు చెరసాల, 5,000 రూపాయల వరకు జరిమానా.

ఆ చట్టములోనే మరి రెండు విశేషములు కలవు. సాధారణముగా నేరము మోపినవాడే దానిని ఋజువు చేయవలెను గదా! ఇక్కడ ఆ భూమి ప్రభుత్వముదో, వేరొకరిదో అని ప్రాథమికముగా తేలిన యెడల, తాను ఆక్రమించుకొనలేదని ఋజువు చేసికొనవలసిన భారము ఎదుటివానిపై పడును. రెండవది మనకు మరింత ముఖ్యము. ఆక్రమణ జరిగినదని తేలినపుడు న్యాయస్థానము ఆ భూమి మార్కెట్ విలువకు తక్కువ కాని నష్టపరిహారమును, దానిపై అతడు పొందిన లాభములను కూడ వానిచేత కక్కింపవచ్చును. లాభమనగా ఏమి? మన కథలో అది ముప్పదియారు నెలల కిరాయి, 2,52,000 రూపాయలు. అయితే ఈ కక్కింపు సొమ్ము ఎవరికి చేరును? భూమి అసలు స్వామికి చేరును. ప్రభుత్వ భూమియైన ప్రభుత్వమునకు చేరును. కూరగాయల బండి త్రోసి ఆ సొమ్మును సంపాదించి ఇచ్చిన ఇల్లాలు ఆ లెక్కలో ఎక్కడను కనబడదు. ఇంత దూరదృష్టితో వ్రాసిన చట్టము కూడ దొంగను చూచినది, సొత్తు కోల్పోయినవానిని చూచినది. ఆ దొంగసొత్తులో, తెలియక, వెలయిచ్చి తలదాచుకొన్నవారిని మాత్రము చూడ మరచినది.

1982లో 5,000 రూపాయలనిన ఒక గుమాస్తా పెక్కు నెలల జీతము. నేడు అది మన నగరములో ఒక మంచి వాటా కిరాయిలో సగమునకు కూడ చాలదు. ఈ సంగతి గుర్తించియే కాబోలు, ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో క్రొత్త బిల్లును ఆమోదించి, చెరసాల గడువును పది నుండి పదునాలుగేండ్ల వరకు పెంచదలచినది. కఠినమైన శిక్ష అక్కరకు వచ్చు సందర్భములు లేకపోలేదు. కాని శిక్ష ఎంత పెద్దదైన అది పడుట అంత అరుదగునని చెప్పుటకు గొప్ప పాండిత్యము అక్కరలేదు. పదునాలుగేండ్ల చెరసాల భయము వేయిమందిలో ఒకనికి తగులును. నెలనెలా తిరిగి ఇయ్యవలసివచ్చు బాడుగ భయము వేయిమందికిని తగులును.

ఇక పురపాలక శాసనమునకు వత్తము. 1955 నాటి నగరపాలక చట్టము, నేటి హైదరాబాదు నగరమునకును వర్తించునది, కట్టడము పూర్తియైనదని తెలియజేసి అనుమతి పొందువరకు దానిలో నివసింపరాదు, ఇతరులను నివసింపనీయరాదు అని చెప్పుచున్నది. ‘నివసింపనీయరాదు’ అన్న ఆ చివరి మాటను గమనింపుడు. అది అద్దెకిచ్చువాని గురించియే. ఈ నియమమునకు బలము చేకూర్చుటకై 2012 నాటి భవన నిర్మాణ నియమములు, ఆ ఏప్రిలులో వెలువడిన 168వ నంబరు ఉత్తర్వు, ఒక ఉపాయమును పన్నినవి: నివాసయోగ్యతా పత్రము చూపనిదే విద్యుత్తు, నీరు, మురుగునీటి సంబంధములను క్రమముగా ఇయ్యరాదు, ఇచ్చినను ఆ పత్రము వచ్చువరకు మూడింతల రుసుము వసూలు చేయవచ్చును. అక్రమ కట్టడములపై ఇంటిపన్నుకు తోడు దండనగా మరికొంత పన్ను వేయుట కూడ కలదు. పూర్తిగా అనుమతి లేని కట్టడమైన యెడల ఆ దండన పన్నుతో సమానము, అనగా నూటికి నూరు.

కాగితముమీద ఇది చక్కని దండనయే. ఇప్పుడు దానిని మెట్లెక్కించి ఒక వాటాలోనికి తీసికొనిపోయి చూతము. కరెంటు బిల్లు ఎవరు కట్టుదురు? కాపురమున్నవారు. మూడింతలైనను వారే కట్టుదురు. ఇంటిపన్ను ఎవరు కట్టుదురు? యజమాని కట్టును; కట్టి, మరుసటి ఏడు కిరాయి పెంచునపుడు దానిని పన్నెండు భాగములు చేసి నెలనెలా రాబట్టుకొనును. మురుగు కాలువ నిండిన, ట్యాంకరు పిలువవలసివచ్చిన ఆ ఖర్చు వాటాలవారీగా పంచబడును. దండన ప్రభుత్వమునుండి బయలుదేరి యజమాని గడప దగ్గర ఒక క్షణము ఆగి, అక్కడనుండి క్రిందికి జారి, కట్టక తప్పని బీదవాని జేబులో స్థిరపడును. కాలువలో నీటి వలె దండన కూడ పల్లమెరుగును.

ఇందులో ఇంకొక చోద్యమున్నది. హైదరాబాదులో ఇంటిపన్ను లెక్క కట్టునది ఆ ఇల్లు తెచ్చు అద్దె విలువనుబట్టి. అనగా ఏ గదికి ఎంత బాడుగ వచ్చునో నగరపాలక సంస్థ తన పుస్తకములో తానే వ్రాసికొనుచున్నది. దానిలో తన భాగము తాను పుచ్చుకొనుచున్నది. పుచ్చుకొని, ఇందువలన ఈ కట్టడము సక్రమమైనట్లు కాదు సుమా యని ఒక వాక్యము చేర్చుచున్నది. ఇల్లాలి నోటుపుస్తకమునందును బాడుగ లెక్క ఉన్నది, సర్కారు దస్త్రములోను ఉన్నది. బాడుగను తిరిగి రాబట్టవలెనన్న సంకల్పమొక్కటియే రెండింటను లేదు.

2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదులో కురిసిన వర్షమును మీలో పెక్కుమంది మరచియుండరు. చెరువులు తమ పాత హద్దులను వెదకుకొనుచు వచ్చిన రాత్రి అది. నిండు నీటిమట్టము, అనగా మన అధికారులు ఎఫ్‌టీఎల్ అను గీత, ఎక్కడ ఉన్నదో కాగితములలో వెదకవలసిన పని ఆ రాత్రి ఎవరికిని లేకపోయినది. నీరే గీచి చూపినది. ఇరువదియైదు ఎకరములకు, అనగా పది హెక్టారులకు, తగ్గని చెరువునకు ఆ గీతనుండి 30 మీటర్లు, చిన్న చెరువునకు 9 మీటర్లు విడిచిపెట్టవలెనని నియమము. విడిచిపెట్టని చోట కట్టినవారిలో పలువురు ఆ ఇండ్లలో తాము ఉండరు. నేల అంతస్తు చవకగా వచ్చుచున్నదని సంతోషించి చేరినవారే అక్కడ ఉందురు. చవక ఎందుకైనదో వారికి తెలియు సరికి నీళ్లు మంచము కోళ్లదాక వచ్చియుండును.

2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వము చెరువుల రక్షణకు, విపత్తుల నివారణకు హైడ్రా అను సంస్థను నెలకొల్పినది. ఆ తరువాతి మాసములలో కూల్చివేతలు సాగినవి; సాగిన కొలది జనుల ఏడుపులును టీవీలలో వినిపించినవి. అప్పుడు, ఇదివరకే జనులు కాపురమున్న ఇండ్ల జోలికి పోము, క్రొత్తగా లేచుచున్న కట్టడములనే కూల్చెదమని అధికారులు ప్రకటించినారు. దయతో కూడిన మాటయే. దానిని నేను తప్పు పట్టను. కాని దయాపూరితమైన మాటను కూడ లాభముగా మార్చుకొనగల బుద్ధి లోకములో ఒకటి ఉన్నది. కాపురమున్న ఇంటికి రక్షణ కలదన్న మాట చెవిని పడగానే, అక్రమముగా కట్టినవాడు చేయు మొదటి పని ఏమి? సున్నము ఆరకముందే ఒక సంసారమును తెచ్చి లోపల పెట్టుట. అప్పుడు కిరాయిదారు కిరాయి ఇచ్చువాడు మాత్రమే గాదు, కోటగోడ కూడ. పాలు త్రాగు బిడ్డ ఉన్న కుటుంబమైన మరింత మేలు. యుద్ధములో ఆవులమందను ముందు నిలిపి వెనుకనుండి బాణములు వేసిరని పూర్వకథలలో విందుము. ఇది దానికి నగరపు రూపము.

అట్లు కోటగోడగా నిలిచినవానికి శాసనములో ఉన్న స్థానమేమి? అద్దెకున్నంతకాలము, చేరిననాటికి యజమానికి ఆ ఆస్తిపై హక్కు లేదని కిరాయిదారు వాదింపరాదన్నది మన సాక్ష్యశాస్త్రములో 1872 నుండి వచ్చుచున్న నియమము. 2023 నాటి క్రొత్త చట్టములోను అది చెక్కుచెదరలేదు. మామూలు సందర్భములలో అది న్యాయమైన నియమమే. లేకున్నచో, అద్దె ఎగవేయదలచిన ప్రతివాడును ఇల్లు నీదని ముందు ఋజువు చేయుమనును. కాని నేలను దొంగిలించినవాడు ఈ నియమము చాటున నిలిచి అద్దె అడుగునపుడు, న్యాయము తలక్రిందుగా నిలుచుండును. దీనికి తోడు పదకొండు నెలల ఒప్పందము. ఏడాదికి మించిన కౌలునకే రిజిస్ట్రేషను కావలెనన్న తలపుతో, పదకొండు నెలలకే వ్రాసికొని, ఆ కాగితమును పదకొండేండ్లు త్రిప్పుట మన ఆచారమైనది. రిజిస్ట్రారు బల్లమీదికి ఆ కాగితము వచ్చియున్నచో, ఆ సర్వే నంబరు నిషిద్ధ భూముల జాబితాలో ఉన్నదని తెలియవచ్చెడిది.

అయినను నిరాశ పడనక్కరలేదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టములోనే రెండు మంచి మాటలు కలవు. తనకు తెలిసియుండి, ఎదుటివాడు సాధారణ జాగ్రత్తతో కనుగొనలేని ముఖ్యమైన లోపమును అద్దెకిచ్చువాడు ముందుగా చెప్పవలెనన్నది ఒకటి. అద్దె చెల్లించి షరతులు పాటించినంత కాలము వానికి నిరాటంకమైన అనుభవము కలిగించెదనని యజమాని మాట ఇచ్చినట్లే భావింపవలెనన్నది రెండవది. ఇంతకన్న స్పష్టముగా ఎవరు చెప్పగలరు? అయితే ఈ వాక్యముల ఆధారముతో 14,000 రూపాయల అడ్వాన్సు కొరకు సివిలు కోర్టు మెట్లెక్కి, వకీలును పెట్టుకొని, వాయిదాలకు బండి వ్యాపారము మానుకొని తిరుగగల కూరగాయలామె ఏ ఊరిలో ఉన్నది? హక్కు ఉన్నది, దానిని అందుకొను నిచ్చెన లేదు.

అట్టి నిచ్చెనను కట్టినవారు లోకములో ఉన్నారు. మన పిల్లలు వేలకొలది చదువులకు పోవు ఇంగ్లండునే చూడుడు. లండనులో ఈస్ట్ హామ్, ఇల్ఫర్డ్ పేటలలో ఒకే ఇంటిని పంచుకొని, వంతులవారీగా వంటచేసికొనుచు దినములు గడపు తెలుగు విద్యార్థులను మీలో పలువురు ఎరుగుదురు. మీ పిల్లలే కావచ్చును. ఒకే కుటుంబమునకు చెందని అయిదుగురు గాని అంతకు మించినవారు గాని వంటగదిని, స్నానపు గదిని పంచుకొనుచు నివసించు ఇంటికి అక్కడ స్థానిక సంస్థనుండి లైసెన్సు ఉండవలెను. ఒక వయోజనుడు పడుకొను గది 6.51 చదరపు మీటర్లకు, అనగా సుమారు 70 చదరపు అడుగులకు, తగ్గరాదు. లైసెన్సు లేకుండ అట్టి ఇంటిని అద్దెకిచ్చుట నేరము. అభియోగము మోపి కోర్టుకు లాగుటకు బదులు స్థానిక సంస్థ తానే 30,000 పౌండ్ల వరకు విధింపగల జరిమానాను 2017లో ప్రవేశపెట్టినారు. కాని నాకు నచ్చిన విషయము జరిమానా కాదు. అక్కడ బాడుగ తిరిగి చెల్లింపు ఉత్తరువు అనునది ఒకటి కలదు. 2004 నాటి గృహచట్టముతో పుట్టి, 2016 చట్టముతో విస్తరించిన ఈ ఏర్పాటు ప్రకారము, నేరము జరిగినదని ఋజువైన యెడల, పండ్రెండు నెలల వరకు చెల్లించిన బాడుగను తిరిగి ఇప్పించుమని కిరాయిదారు స్వయముగా ట్రిబ్యునలును ఆశ్రయింపవచ్చును. ఆ బాడుగ ప్రభుత్వపు సహాయధనమునుండి చెల్లించినదైన యెడల దానిని స్థానిక సంస్థ రాబట్టుకొనును.

దొంగతెలివికి దేశభేదము లేదు. అసలు యజమాని వెనుక దాగి, మధ్యవానిచేత అద్దెకిప్పించు పద్ధతి అక్కడను పుట్టినది. 2023లో అక్కడి సుప్రీంకోర్టు, చట్టపు మాటలనుబట్టి చూడగా మధ్యవానినే గాని వెనుకనున్న యజమానిని పట్టుకొనుటకు వీలులేదని తీర్పు చెప్పినది. మూడేండ్లు తిరుగకుండ, 2025లో వచ్చిన కిరాయిదారుల హక్కుల చట్టము ఆ కన్నమును పూడ్చి, తిరిగి ఇయ్యవలసిన బాడుగను రెండేండ్లకును, జరిమానాను 40,000 పౌండ్లకును పెంచినది. న్యూయార్కు రాష్ట్రపు మార్గము మరింత సరళము. 1929 నాటి బహుకుటుంబ గృహముల చట్టము ప్రకారము, నివాస పత్రము లేకుండగనో దానికి విరుద్ధముగనో మనుష్యులను ఉంచిన కట్టడమునకు అద్దె వసూలు చేయు హక్కే యజమానికి ఉండదు. అద్దె బాకీ పడినారని దావా వేయుటకును వీలుండదు. అయినను అక్కడ పాపము ఆగినదా యనిన ఆగలేదు. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుపాను వానకు నగరములోని నేలమాళిగ వాటాలలో పదకొండుగురు మునిగి చనిపోయినారు. చట్టము మంచిదైనంత మాత్రమున వాన ఆగదు. కాని చట్టము ఏ ప్రక్క నిలిచినదో అక్కడ తెలియుచున్నది.

ఇవి పరదేశపు సంగతులనువారికి మన దేశపు సంగతియే ఒకటి మనవి చేసెదను. కౌటిలీయార్థశాస్త్రములో గృహముల తగవులకు వేరుగా చోటు కలదు. అందు బాడుగకు అవక్రయమని పేరు. వెళ్లుమనినను వెళ్లక ఇల్లు పట్టుకొని కూర్చున్నవానికిని, అవక్రయము చెల్లించినవానిని అకారణముగా వెళ్లగొట్టిన యజమానికిని పండ్రెండు పణముల దండనము సమానముగా విధింపబడినది. త్రాసులో ఇద్దరిని రెండు తట్టలయందు పెట్టి తూచిన ఆ పద్ధతిని చూడుడు. బాడుగ పుచ్చుకొనుట ఒక బాధ్యత అని రెండు వేల ఏండ్లకు పూర్వమే ఎవరో మనకు చెప్పిపోయినారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రాక తప్పదు, వచ్చుట న్యాయము కూడ. అయ్యా, అక్రమ యజమానులందరును మేడలలో ఫ్యాను క్రింద కూర్చున్నవారేనా? భర్త పోయిన పిమ్మట అరువది గజముల ఇంటిమీద రేకుల గది ఒకటి వేసి, దాని కిరాయితో మందులు కొనుక్కొను వృద్ధురాలి మాటేమి? ఆమెను కూడ చెరసాలకు పంపుదువా? పైగా, అక్రమ వాటాలన్నియు మూతపడిన యెడల, నెలకు ఏడు వేలు మాత్రమే ఇయ్యగలవారు ఎక్కడికి పోవుదురు? ఈ రెండు ప్రశ్నలను నేను తేలికగా త్రోసిపుచ్చలేను. నగరమునకు కూరలు, పాలు, ఇస్త్రీ బట్టలు మోసికొని వచ్చువారు నగరములోనే పండుకొనవలెను గదా! సక్రమమైన చవక ఇండ్లు లేకపోవుటయే అక్రమమైన చవక ఇండ్లకు తల్లి. కాని మొదటి ప్రశ్నకు సమాధానము, దోషముల తూకము వేరని ఇదివరకే చెప్పియున్నాను. తన నేలమీద గది వేసిన ముసలమ్మకు క్రమబద్ధము చేసికొనుటకు గడువిచ్చి దారి చూపవలెను. చెరువును మట్టితో పూడ్చి ఇరువది వాటాలు లేపినవానికి మాత్రము అట్టి దారి ఉండరాదు. రెండవ ప్రశ్నకు సమాధానము, నేను కోరునది వాటాల మూత కాదు, లాభపు మూత. పట్టుబడిన నాడు పుచ్చుకొన్నదంతయు తిరిగి ఇయ్యవలసియుండునని తెలిసిన యెడల, మట్టి లారీ చెరువువైపు తిరుగకముందే వాడు రెండుసార్లు లెక్క వేసికొనును.

2024లో మన సుప్రీంకోర్టు రెండు తీర్పులు చెప్పినది. నవంబరులో, కూల్చుటకు ముందు పదునైదు దినముల నోటీసు ఇయ్యవలెనన్నది. అయితే రోడ్లపైన, జలాశయములలోన లేచిన కట్టడములకు ఆ రక్షణ వర్తింపదన్నది. డిసెంబరులో, నివాస పత్రము లేనిదే ఇల్లు అప్పగింపరాదని, విద్యుత్తు, నీరు ఇయ్యరాదని, తప్పుడు అనుమతులిచ్చిన అధికారులపై చర్య తీసికొనవలెనని ఆదేశించినది. రెండును మంచి తీర్పులే. కాని రెండింటి నడుమ, జలాశయపు నేలమీద, పదునైదు దినముల నోటీసునకు కూడ నోచుకొనక నిలిచియున్నవారు ఎవరనిన, మన నోటుపుస్తకము ఇల్లాలి వంటివారే. వారి కొరకు కోరవలసినవి మూడే మాటలు. కట్టడము అక్రమమని తేలిన నాటినుండి దానిపై బాడుగ వసూలు చేయు హక్కు యజమానికి లేకుండ పోవలెను. అంతకుముందు పుచ్చుకొన్నదానిలో కనీసము ఏడాది బాడుగయు, అడ్వాన్సు యావత్తును, కూల్చుటకు ముందుగనే వానినుండి రాబట్టి, సామాను ఎత్తుకొనువారి చేతిలో పెట్టవలెను. మూడింతల కరెంటు రుసుమును మీటరునకు గాక యజమాని పన్ను ఖాతాకు వ్రాయవలెను. వీనికి క్రొత్త చెరసాలలు అక్కరలేదు. ఒక చిన్న ట్రిబ్యునలు, ఒక వారము గడువు, ఒక రసీదు చాలును.

రసీదు అనగా జ్ఞప్తికి వచ్చినది. మొన్న మరల ఆ దంపతులు మా వీథికి వచ్చినారు. ఊరికి ఇంకను దూరముగా పోయి, నెలకు వేయి రూపాయలు ఎక్కువయిచ్చి, ఒక వాటా పట్టుకొన్నారట. పాత ఇల్లుగలాయన అడ్వాన్సు ఇచ్చినాడా యని అడిగితిని. ఫోను ఎత్తుట లేదన్నది. మరి ఆ నోటుపుస్తకము ఏమైనదమ్మా, దాచితివా అని అడిగితిని. దాచితినన్నది. తరువాత కొంత సిగ్గుపడి, అందులో ఇంకను పేజీలు మిగిలియున్నవి గదా, క్రొత్త ఇల్లుగలాయన సంతకములు కూడ దానిలోనే పెట్టించుచున్నాను సార్ అన్నది.